లోపలే పుట్టే చెమ్మ

చెమ్మ మేస్త్రీ ఎవరింటికి వెళ్లినా ముందు మనుషులను పలకరించడు, గోడను పలకరిస్తాడు. సంచీ భుజానుండగానే చెయ్యి తిరగేసి, వేళ్ల వెనకభాగం గోడకు ఆనించి, కళ్లు మూసుకుని నిలబడతాడు. పనులు చేసీ చేసీ అరచెయ్యి మొద్దుబారిపోయిందట, వేళ్ల వెనకే కాస్త తెలివి మిగిలిందట. ఇంటావిడ పక్కన చేరి, "పైవాళ్ల బాత్రూమ్ కారుతోందండీ మేస్త్రీగారూ, ఎన్నిసార్లు మొత్తుకున్నా వినరు" అని మొదలుపెడుతుంది. "అది గోడ చెబుతుందిలెండమ్మా, మీరు కాసేపు ఊరుకోండి" అంటాడు. పని ఇచ్చే మనిషితో మాట్లాడే తీరా అది? అయినా పిలుస్తారు. చెమ్మ ఎక్కడిదో తేల్చడంలో ఆయన్ని మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు మరి.

మొదట్లో ఆయనా అందరిలాగే ఇళ్లకు రంగులు వేసుకు బతికేవాడే. వేసిన రంగు ఆర్నెల్లకే పొలుసులుగా లేచి రాలిపోయేది. జనం వచ్చి ముఖాన తిట్టేవాళ్లు. నాలుగైదుసార్లు పడ్డాడు. ఆ తర్వాత ఒళ్లు మండి, "నా రంగులో తప్పు లేదు, మీ గోడలో నీళ్లున్నాయి" అని ఎదురు తిరిగాడు. ఉన్నాయంటే చూపించాలి కదా! అలా నీళ్ల వెంట పడినవాడు ముప్పై ఏళ్లయినా మళ్లీ వెనక్కి రాలేదు.

ఆయన లెక్కలో ఇంట్లోకి నీళ్లు మూడు దారుల్లో వస్తాయి. పైనుంచి కారేది ఒకటి. దాన్ని ఎవడైనా పట్టుకుంటాడు. పునాదిలోంచి గోడ పట్టుకుని పైకి పాకేది రెండోది. అది నడుమెత్తుకు మించి ఎక్కదు, ఎక్కినంత మేరా తెల్లగా ఉప్పు పూస్తుంది. ఇక మూడోది ఇంటిలోపలే పుట్టేది. అసలు దొంగ అదే. పొయ్యి మీద గిన్నెలోంచి, వేణ్ణీళ్ల స్నానంలోంచి, గదిలో తీగకు ఆరేసిన బట్టల్లోంచి, మనుషుల ఊపిరిలోంచి ఆవిరై లేస్తుంది. కంటికి కనపడకుండా గాలిలో తిరిగి తిరిగి, చల్లటి గోడో అద్దమో దొరికినచోట మళ్లీ నీళ్లయి కూర్చుంటుంది. ఆ గాలి బయటికి పోయే దారి లేకపోతే వారానికి నల్లచుక్కలు, నెలకు బూజు, ఆపైన ఇంట్లో ఎవరికో ఒకరికి దగ్గు. "గాలి రావడానికో దారి ఉండాలి, పోవడానికో దారి ఉండాలి. ఒక్క దారే ఉంటే ఏ దారీ లేనట్టే" అని ప్రతి ఇంట్లోనూ చెబుతాడు. ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించి, కిటికీలన్నీ బిడాయించి, ఆ ఫ్యాను ఎందుకు పనిచేయడం లేదని అడిగే మహానుభావులను చూస్తే ఆయనకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

ఇంకో సంగతి కూడా ముప్పై ఏళ్లలో నేర్చుకున్నాడు. నీళ్ల విషయంలో మనుషులందరూ అబద్ధాలాడతారు. ఒకావిడ పైవాళ్ల మీద పోలీసుల దాకా వెళతానని కూర్చుంది. ఈయన అరచెయ్యంత ప్లాస్టిక్ కాయితాన్ని గోడకు నాలుగువైపులా టేపు వేసి అంటించి, రెండు రోజులాగి వచ్చి చూశాడు. గోడలోంచి వచ్చే నీళ్లయితే కాయితం వెనక చేరాలి. వెనక పొడిగా ఉంది, ముందువైపు చుక్కలు నిలిచాయి. "ఇంట్లో బట్టలు ఆరేస్తున్నారా?" అంటే, "అబ్బే, మాకా అలవాటే లేదు" అంది. మంచం కింద చూస్తే తడి దుప్పట్లు నాలుగు పరిచి ఉన్నాయి. ఇలాంటివి ఒకటా రెండా! రోజూ పదిమంది అబద్ధాలు తవ్వుకుంటూ బతికేవాడు సాయంత్రం ఇంటికొచ్చి ఆ గునపం గుమ్మం బయట పెట్టి రాగలడా? పెట్టి రావాలి. ఆయన పెట్టలేదు. నాకు ఆయన మీద కోపం వచ్చేదీ అక్కడే.

ఇంటికి రాగానే గ్లాసుల స్టాండు చూసేవాడు. రెండు గ్లాసులు తడిగా ఉంటే "ఎవరొచ్చారు?" అనేవాడు. "ఎవరూ రాలేదండీ, నేనే రెండుసార్లు తాగాను" అనేది ఆవిడ. "ఒక్క గ్లాసుతో తాగొచ్చుగా?" తువ్వాలు ముట్టుకుని "మధ్యాహ్నం మళ్లీ స్నానం చేశావా? ఎందుకు?" అనేవాడు. ఉక్కపోస్తే మనిషి రెండుసార్లు స్నానం చెయ్యడా? కొట్టేవాడు కాదు, తిట్టేవాడు కాదు, తాగేవాడు అసలే కాదు. ఊరికే అడిగేవాడు, అంతే. పాతికేళ్లకు పైగా అడిగాడు. అనుమానం పెనుభూతమని పెద్దలు ఊరికే అనలేదు. అది ఎదురుగా ఉన్న మనిషిని రోజుకింత చొప్పున తింటుంది.

రెండేళ్ల కిందట ఆవిడ ఆయన చొక్కా ఉతకబోతూ జేబులో ఒక చీటీ చూసింది. తేదీలూ, ప్రతి తేదీకీ పొద్దున ఒక అంకె, సాయంత్రం ఒక అంకె. పడకగది బీరువా వెనక వెతికితే, గాలిలో తేమ ఎంతుందో చూపించే చిన్న డబ్బా మేకుకు వేలాడుతోంది. తను పనికి వెళ్లాక ఆ గదిలో ఇంకెవరైనా ఊపిరి తీసుకుంటున్నారేమోనని పెట్టాడు మహానుభావుడు. ఆవిడ అరవలేదు. ఏడవలేదు. "గోడలకి పెట్టే డబ్బా నాకు పెట్టారా?" అంది. మర్నాడు చెల్లెలి ఊరు వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

ఇక ఆయనకు మిగిలింది ఒక్క కూతురు. అమ్మాయి కళ్లద్దాల దుకాణంలో పనిచేస్తుంది. పెళ్లి ఊసెత్తితే నవ్వేసి ఊరుకుంటుంది. రెండు బస్సులు మారేంత దూరంలో ఒక చిన్న పోర్షన్ అద్దెకు తీసుకుని ఉంటోంది. తల్లి వెళ్లిపోయిన వారానికి ఆమె తండ్రిని ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పింది. "ఆదివారం ఆదివారం రా నాన్నా. టీ తాగు, భోంచెయ్యి, సాయంత్రం దాకా ఉండు. నాకు నువ్వంటే ఇష్టమే. కానీ అమ్మని అడిగినట్టు ఒక్కరోజు, ఒక్కసారి నన్ను అడిగావా, ఆ పూటతో సరి. ఆ తర్వాత నా గుమ్మం తొక్కొద్దు." ఆమె అన్నదంటే చేసే మనిషే. తండ్రి మొండితనం అణా పైసలతో సహా దిగింది ఆమెకు.

అందుకని ఆయన ఆదివారాలు నోటికి తాళం వేసుకునే వెళ్లేవాడు. చలికాలం మొదలయ్యేదాకా బాగానే గడిచింది.

ఆ చలికాలంలో ఒక ఆదివారం పొద్దున, హాల్లో ఆ మూలనున్న గది తలుపు పక్కగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అమ్మాయి మొదటినుంచీ అది సామాన్ల గదేనని చెబుతోంది. ఈమధ్య తలుపు ఎప్పుడూ మూసే ఉంటోంది. కూర్చున్న రెండు నిమిషాలకు ఆయన ముక్కు పైకి లేచింది. పాత సామాన్లున్న గది దుమ్ము వాసన వేస్తుంది. ఇది మగ్గిన వాసన. మనుషులు తలుపులేసుకుని పడుకున్న గది, తెల్లారి తీస్తే వచ్చే వాసన.

"ఈ గదిలో ఏముందమ్మా?" అన్నాడు, వీలైనంత తేలిగ్గా.

"ఇంటివాళ్ల సామాను నాన్నా. ఈమధ్యే తెచ్చి పడేశారు. తాళం వాళ్ల దగ్గరే ఉంది" అంది అమ్మాయి, అటు చూడకుండానే.

తాళం వాళ్ల దగ్గర ఉండటానికి తలుపుకి తాళం ఏదీ? గొళ్లెం ఖాళీగా వేలాడుతోంది. తలుపు మాత్రం బిగుసుకునే ఉంది, గడియ లోపలినుంచి వేశారన్నమాట. నోటి చివరిదాకా వచ్చిన మాటను ఆయన టీతో పాటు మింగేశాడు. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేం అని ఆయనకు తెలియకేం, అప్పటికే ఒకసారి జారి చూసినవాడు.

మరుసటి ఆదివారం చేతులు కడుక్కుంటానని బాత్రూమ్‌లోకి వెళ్లాడు. నేల ఒక్క చుక్క లేకుండా తుడిచి ఉంది. బకెట్టు బోర్లించి, దాని అడుగు కూడా ఆరబెట్టి ఉంది. వంటింట్లో గ్లాసులు అద్దాల్లా మెరుస్తున్నాయి. దుకాణంలో కళ్లద్దాలు తుడిచే మెత్తగుడ్డతో తుడిచినట్టుంది. పొద్దున్నే తొమ్మిదింటికి ఒంటరిగా ఉండే ఆడపిల్ల ఇంట్లో బకెట్టు అడుగు ఆరబెట్టే పనేమిటి? తడి ఉన్న ఇల్లు చూశాడు, చెమ్మ ఉన్న ఇల్లు చూశాడు, ఇంత పొడిగా ఉన్న ఇల్లు పుట్టి బుద్ధెరిగి చూడలేదు. గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదేననుకున్నాడు. పైగా ఆమె ఆయన్ని హాల్లో ఒంటరిగా వదలడం లేదు. ఉప్పు అయిపోతే పక్కింట్లో అడిగి తెచ్చుకోను కూడా వెళ్లలేదు, ఉప్పు లేకుండానే వండి పెట్టింది.

ఆ పై ఆదివారం కొత్త మీటరు కొన్నానంటూ సంచీలోంచి తీశాడు. రెండు సూదులుంటాయి దానికి, చెక్కకు గుచ్చితే లోపలెంత తేమ ఉందో అంకె చూపిస్తుంది. "ఇది సరిగ్గా పనిచేస్తోందో లేదో చూద్దాం" అని వీధి తలుపుకు గుచ్చాడు. పన్నెండు. బాత్రూమ్ తలుపుకు గుచ్చాడు. పద్నాలుగు. మాటల్లో మాటగా సామాన్ల గది ద్వారబంధానికి అడుగున గుచ్చాడు. ఇరవై నాలుగు!

"నాన్నా, టీ చల్లారిపోతోంది" అంది అమ్మాయి. గొంతులో పదును ఉంది.

"మీటరు తప్పు చూపిస్తోందమ్మా, వెనక్కిచ్చెయ్యాలి" అన్నాడు. ఆయన జన్మలో మీటరును అనుమానించలేదు.

వెళ్లేటప్పుడు గేటు దాకా వచ్చి, చెప్పుల్లో రాయి దూరిందని వంగి, ఇంటి పక్క సందులోకి ఒక్క చూపు విసిరాడు. సామాన్ల గది కిటికీ సందులోకే ఉంటుంది. గరుకు అద్దం, లోపలేముందో కనపడదు. కానీ అద్దానికి లోపలివైపు చుక్కలు చుక్కలుగా నీళ్లు పట్టి ధారలు కట్టి ఉన్నాయి. కిటికీ రెక్కల సందులన్నిటికీ లోపలినుంచి కాయితం పట్టీలు అంటించి ఉన్నాయి. పైన చిన్న వెంటిలేటరు చువ్వల మధ్య గుడ్డ కుక్కి ఉంది. ఆయన కూతురై ఉండి, గాలి దారులన్నీ మూసేస్తే గదికి ఏమవుతుందో తెలియనిదా ఈ పిల్ల? తాతకు దగ్గులు నేర్పినట్టుంది వ్యవహారం. శబ్దం బయటికి రాకుండా ఉండటానికే మూసింది. మూసింది గనకే నీళ్లు పట్టాయి.

బస్సులో కూర్చుని లెక్క వేశాడు. ఒక మనిషి తలుపులేసుకుని రాత్రంతా పడుకుంటే గ్లాసుడు నీళ్లు గాలిలోకి వదులుతాడు. ఆ కిటికీ మీద ఉన్నది గ్లాసుడుకు మించే ఉంది. అంటే మగమనిషి. బాగా లావాటి మనిషి. పగలు కూడా బయటికి రాకుండా లోపలే పడి ఉండేవాడు. బయటికి రాకపోవడానికి కారణం ఏమై ఉంటుంది? పెళ్లైనవాడా? అప్పులవాళ్లకు భయపడి దాక్కున్నవాడా? పోలీసులకా? రెండో బస్సు ఎక్కేసరికి ఆ మనిషికి మీసాలు వచ్చాయి. దిగేసరికి చెంప మీద కత్తిగాటు కూడా వచ్చింది. నిజం చెప్పాలంటే, ఆయనకు కోపం కంటే భయమే ఎక్కువగా ఉంది. పిల్లని ఎవడో మోసం చేస్తున్నాడు, తను అడగలేడు. అడిగితే పిల్ల ఉండదు, అడక్కపోతే పిల్లకు ఏమవుతుందో తెలియదు.

వారం మధ్యలో పని ఎగ్గొట్టి, అమ్మాయి ఇంటి యజమానిని వెతుక్కుంటూ వెళ్లాడు. ఆయన పక్కవీధిలోనే తాళాలు బాగుచేసే దుకాణం నడుపుతాడు. "మీ సామాను ఉన్న గదిలో చెమ్మ పడుతోందండీ, ఓసారి తీయించి ఎండ తగలనిస్తే మంచిది" అన్నాడు.

"నా సామానా?" అన్నాడాయన, ఆకురాయి పక్కన పెట్టి. "ఏ గదిలో? ఆ ఇంట్లో నాది చీపురుపుల్ల కూడా లేదే. పోర్షన్ మొత్తం మీ అమ్మాయికే ఇచ్చానుగా!"

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. చెమ్మ మేస్త్రీ పట్టుకున్నాడు. పట్టుకున్నందుకు మూడు రోజులు ముద్ద దిగలేదు.

ఆదివారం పొద్దున మడత స్టూలు కూడా సంచీలో పెట్టుకుని బయల్దేరాడు. ఏమీ అడగడు. అడగకూడదనే కదా ఒప్పందం? చూడకూడదని ఒప్పందం లేదు. అమ్మాయి పొయ్యి మీద పాలు పెట్టేదాకా బుద్ధిమంతుడిలా కూర్చున్నాడు. పాలు పొంగుకొచ్చే వేళకు స్టూలు చంకన పెట్టుకుని లేచి, "సందులో నీళ్లు నిలుస్తున్నట్టున్నాయి, చూసొస్తా" అన్నాడు.

"నాన్నా, ఆగు!" అంది అమ్మాయి. పాలు వదిలి రాలేకపోయింది. ఆయన అప్పటికే గుమ్మం దాటాడు.

సందులో స్టూలు వేసి ఎక్కాడు. వెంటిలేటరు ముఖానికి సరిగ్గా అందింది. చువ్వల మధ్య కుక్కిన గుడ్డ చివర బయటికి పొడుచుకొచ్చి, నల్లగా బూజు పట్టి ఉంది. జేబులోంచి పట్టుకారు తీసి ఆ చివర పట్టుకున్నాడు. లోపలి మీసాలవాడు చటుక్కున చెయ్యి పట్టుకుంటే? పట్టుకోనీ. బలమంతా పెట్టి లాగాడు. జానెడు వచ్చి ఆగి, ఇంకోసారి లాగితే మొత్తం ఊడి చేతికొచ్చింది. లోపలినుంచి వెచ్చటి మగ్గిన గాలి ఒక్కసారిగా ఆయన ముఖాన కొట్టింది. యూకలిప్టస్ తైలం వాసన. వేణ్ణీళ్లలో తైలం వేసి ఆవిరి పడితే వచ్చే వాసన. ఓహో, గ్లాసుడుకు మించిన నీళ్లు అందుకా అనుకున్నాడు.

అంతలో లోపల ఎవరో దగ్గారు. నోటికి చెంగు అడ్డం పెట్టుకుని, బయటికి వినపడకూడదని ఆపుకుంటూ ఆపుకుంటూ, ఇక ఆగక దగ్గే దగ్గు. అయిపోయాక పెద్దగా ఒక్క ఊపిరి తీసుకున్న శబ్దం.

"అమ్మయ్య, గాలొచ్చింది" అంది లోపలి గొంతు. "ఏమే, మీ నాన్న వెళ్లిపోయారా?"

చెమ్మ మేస్త్రీ స్టూలు మీద అలాగే నిలబడిపోయాడు.

ముప్పై ఒక్క ఏళ్లు విన్న గొంతు. సన్నబడింది, కాస్త బొంగురుపోయింది, అంతే. మొదట వచ్చింది కోపమే, అబద్ధమెందుకు? తల్లీ కూతురూ కలిసి ఆడుతున్నారన్నమాట! చెల్లెలి ఊరు లేదు, గిల్లెలి ఊరు లేదు. మేస్త్రీ నోరు తెరిచాడు కూడా. ఎప్పటినుంచి, ఎందుకు, ఇంకా ఎవరికి తెలుసు అని ప్రశ్నలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. కానీ ఆవిడ అన్న మాట వాటన్నిటికీ అడ్డం నిలబడింది. వెంటిలేటరులోంచి గాలి రాగానే ఆవిడకు తట్టిన సంగతి ఒక్కటే, మొగుడు వెళ్లిపోయాడని. ప్రతి ఆదివారం తను హాల్లో కాళ్లు బారజాపుకుని టీ తాగుతున్నంతసేపూ, ఆవిడ ఈ గుడ్డలూ కాయితాల వెనక, బూజులో, దగ్గు నోట్లో కుక్కుకుని కూర్చుంది. ఊళ్లో ఎవరి గదికి గాలి అందడం లేదో వెతుక్కుంటూ తిరిగాడు ఇన్నేళ్లూ. సిగ్గుతో ఆయన చెవులు కాలిపోయాయి.

గుడ్డ తిరిగి పెట్టలేదు. చప్పుడు కాకుండా స్టూలు దిగాడు.

సందు మొదట్లో అమ్మాయి నిలబడి ఉంది. చేతిలో పాల గరిట అలాగే ఉంది, ముఖంలో నెత్తురు చుక్క లేదు. తండ్రి చేతిలో గుడ్డ చూసింది.

"పిన్ని వాళ్లు ఇల్లు మారిపోయారు నాన్నా. చిన్న ఇల్లు. నాలుగు నెలలైంది, అమ్మ..." అని మొదలుపెట్టింది.

"నేను అడగలేదు తల్లీ" అన్నాడు ఆయన.

ఆయన గుడ్డను మడిచి గోడ మీద పెట్టి, ఎవరింట్లోనో పని అప్పగిస్తున్నట్టు చెప్పడం మొదలుపెట్టాడు. "ఇంటివాళ్ల సామాను పాడైపోతుంది. ఈ గుడ్డ మళ్లీ పెట్టొద్దు. కిటికీకి అంటించిన పట్టీలు తడిపి గీకెయ్యి, ఊడొస్తాయి. గోడ మీది బూజు పొడిగా దులపొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డ పారెయ్యి. మంచం బయటి గోడకి ఆనించి ఉంటే జానెడు ఇవతలికి లాగు. ఆవిరి పట్టాక తలుపూ కిటికీ రెండూ తెరవాలి, పావుగంట చాలు. పగలు తలుపు తీసే ఉంచు."

"తీసి ఎలా ఉంచను నాన్నా? నువ్వు..." అని ఆగిపోయింది అమ్మాయి. కళ్లనిండా నీళ్లు.

"నేను రానుగా" అన్నాడు. "వచ్చే ఆదివారం నుంచి నువ్వే అటు రా. రెండు బస్సులు మారాలి, నడుం పట్టేస్తోంది."

రోజూ నిచ్చెనలెక్కి దిగే మనిషి నడుం. అమ్మాయికి తెలియదా? తెలుసు. అయినా తలూపింది. ఆయన మళ్లీ లోపలికి వెళ్లలేదు. "సంచీ తెచ్చివ్వమ్మా" అని గేటు దగ్గరే నిలబడ్డాడు. ఆమె సంచీతో పాటు టీ కూడా తెచ్చింది. నిలబడే తాగి, గ్లాసు చేతికిచ్చి వెళ్లిపోయాడు.

ఆ వారమంతా ఆయన్ని పనికి పిలిచినవాళ్లు ఒకరితో ఒకరు చెప్పుకున్నారు, మేస్త్రీ ఒంట్లో బాగాలేనట్టుందని. ఒకావిడ ఇంట్లో బట్టలు ఆరెయ్యం అంటే, తీగ ఎదురుగా కనపడుతున్నా, "సరేనమ్మా, ఒకవేళ ఆరేస్తే ఆ కిటికీ తెరవండి" అని ఊరుకున్నాడట. ఇంటికొచ్చి వంటింట్లో ఉన్న ఒక్క గ్లాసూ కడిగి బోర్లించుకున్నాడు. ఆదివారం దగ్గర పడేకొద్దీ ఒకటే ఆలోచన. వస్తుందా? ఎందుకొస్తుంది? ఒప్పందం ప్రకారం తను అడగలేదు నిజమే, కానీ స్టూలెక్కి చూడటం అడగడం కంటే తక్కువా?

ఆదివారం పదిన్నరకు అమ్మాయి వచ్చింది. గిన్నెలో కూర తెచ్చింది. తండ్రికి వడ్డించి, తనూ వడ్డించుకుని ఎదురుగా కూర్చుంది. దుకాణం సంగతులు చెప్పింది. ఒకాయన కళ్లద్దాలు నుదుటి మీద పెట్టుకుని వాటికోసమే దుకాణమంతా వెతికించాడట. ఇద్దరూ నవ్వారు.

"ఆ సామాను ఎలా ఉంది?" అన్నాడు ఆయన, కంచంలోకి చూస్తూ.

అమ్మాయి తినడం ఆపింది. తండ్రి ముఖంలోకి చాలాసేపు చూసింది.

"అమ్మకి దగ్గు తగ్గింది నాన్నా" అంది. "మూడు రోజుల్నించి రాత్రిళ్లు లేవడం లేదు. గుడ్డ తీసింది నువ్వేనని చెప్పేశాను."

ఆయన ముద్ద కలుపుతూ కలుపుతూ ఆగాడు. ఏమంది? తిట్టిందా? ఏడ్చిందా? ఇల్లు మారదామందా? తన పేరు ఎత్తిందా? ప్రశ్నలన్నీ పాత అలవాటు కొద్దీ వరసగా వచ్చి నిలబడ్డాయి. ఒక్కటి కూడా అడగలేదు. మంచినీళ్లు తాగాడు.

ఆయన అడగడం లేదని చూసి అమ్మాయే చెప్పింది. "ఏమీ అనలేదు నాన్నా. ఆ రాత్రి కిటికీ తెరిచే పడుకుంది."

చెమ్మ మేస్త్రీ తలూపాడు. చెంపల మీదికి కారిన నీళ్లను ఎడమచేతి వేళ్ల వెనకభాగంతో తుడుచుకున్నాడు.

"బార్లా తెరవొద్దని చెప్పమ్మా, చలి" అన్నాడు. "రెండు వేళ్ల సందు ఉంటే చాలు."